మంచు కోసం ఏడు వేల కిలోమీటర్లు

ఫిబ్రవరిలో ఆల్ప్స్‌కి స్కీయింగ్‌కి పోవాలా వద్దా అన్నది అసలు తప్పొప్పుల ప్రశ్నేనా? డబ్బుల ప్రశ్న, సెలవుల ప్రశ్న, వీసా అపాయింట్‌మెంట్ దొరుకుతుందా లేదా అన్న ప్రశ్న. అంతేగా? మా పెద్దమ్మ కూతురైతే ఒక్క ముక్కలో తేల్చేసింది: "నీ డబ్బు, నీ మోకాళ్ళు. మధ్యలో ఎవరికిరా నష్టం?" మోకాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ఎవరికి నష్టం అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. రెండు నెలలుగా అక్కడే ఉన్నాను.

సంగతేంటంటే, నాతో వరంగల్లో ఇంజనీరింగ్ చదివిన స్నేహితుడొకడు ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ అనే ఊళ్ళో ఉంటాడు. చుట్టూ కొండలే. 1968లో శీతాకాలపు ఒలింపిక్స్ జరిగిన ఊరు. వెళ్ళిన రెండో ఏడే వాడు స్కీయింగ్ నేర్చుకున్నాడు. ఇక్కడున్న ముగ్గురం ఒక వారం వాడింట్లో దిగి, రోజూ కొండెక్కి, వాడి చేత నేర్పించుకోవాలన్నది ప్లాను. మనిషికి మూడు లక్షల దాకా అవుతుంది. మిగతా ఇద్దరూ టికెట్లు చూసేసుకున్నారు. నేనే "చెప్తా, చెప్తా" అని నాన్చుతున్నాను. హాస్టల్లో ఒకే గదిలో నాలుగేళ్ళు పడుకున్నవాళ్ళం నలుగురం ఒకచోట కలిసి ఆరేళ్ళయింది. ఒకడికి ఇద్దరు పిల్లలు, ఇంకొకడికి ఈ మధ్యే విడాకులు. ఈసారి కుదరకపోతే మళ్ళీ ఎప్పటికో అని అందరూ విడివిడిగా ఫోన్ చేసి చెప్పారు. కాబట్టి విలాసం మానుకుంటే సరిపోతుంది కదా అని తేలిగ్గా అనేయలేను. మానుకోవాల్సింది మంచొక్కటే అయితే ఇంత ఆలోచనే లేదు.

అయినా మంచంటే మనకింత మోజేమిటి? పొలాల మీద కమ్ముకునేదీ మంచే, తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. దేనికి దానికి వేరే పేరు పెట్టుకోవాల్సినంత అవసరం మనకెప్పుడూ పడలేదు. పడనందుకే కాబోలు ఇంత ఆశ. చలికాలం లంబసింగిలో గడ్డి పైన కాస్త తెల్లగా పేరుకుందని వార్తొస్తే చాలు, తెల్లవారుజామున ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. హైదరాబాద్‌లో 2004 నుంచీ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర టికెట్టు కొని, అద్దె కోటు తొడుక్కుని, తయారుచేసిన మంచులో జారొచ్చు. ఇక స్విట్జర్లాండ్‌లో తీసిన పాటల సంగతి చెప్పేదేముంది, హీరో లెదర్ జాకెట్లో, హీరోయిన్ పల్చటి చీరలో. ఇంటర్లాకెన్‌లో యశ్ చోప్రాకి విగ్రహమే పెట్టారు. మా తరం మంచును చూడకముందే విన్నది, డ్యుయెట్ రూపంలో.

కానీ ఇది సినిమాలతో మొదలైన జబ్బేమీ కాదు. 'మనుచరిత్ర'లో ప్రవరుణ్ణి తీసుకోండి. భార్య, తల్లిదండ్రులు, నిత్యాగ్నిహోత్రం, వచ్చేపోయే అతిథులు. ఒక్క పూట కూడా ఇల్లు కదలడానికి వీల్లేని మనిషి. ఊళ్ళోకి వచ్చిన ప్రతి యాత్రికుణ్ణీ పట్టుకుని ఎక్కడెక్కడ తిరిగావు, ఎంత దూరం అని అడిగి నిట్టూర్చే మనిషి కూడా ఆయనే. సిద్ధుడొచ్చి కాళ్ళకు పూసుకునే లేపనం ఇవ్వగానే హిమాలయాలకు చేరిపోయాడు. స్కూల్లో దీన్ని మనకు వరూధిని ముందు ప్రవరుడు చూపిన నిగ్రహం కథగా చెప్పారు. నాకిప్పుడు అంతకు ముందున్న భాగమే ఎక్కువ నచ్చుతోంది. పెద్దన ఆ కోరికని వెక్కిరించలేదు. కొండను చూసినవాడి సంబరాన్ని నిండు మనసుతో రాశాడు. చిక్కు వచ్చింది తిరుగు ప్రయాణం దగ్గర. మంచునీళ్ళకు లేపనం కరిగిపోయింది, దారి తెలియలేదు, ఇంటి దగ్గర మధ్యాహ్నం చెయ్యాల్సినవి మిగిలిపోయాయి. ఒళ్ళు అలవకుండా దూరాన్ని దాటించే సాధనం తన ఖరీదును ఎక్కడో ఒకచోట వసూలు చేసుకుంటుంది. ప్రవరుడి విషయంలో మంచు లేపనాన్ని కరిగించింది. మన లేపనం తిరగబడి మంచునే కరిగిస్తోంది.

లెక్క చూద్దాం. హైదరాబాద్ నుంచి జెనీవాకి గల్ఫ్ మీదుగా రానూపోనూ దాదాపు 15 వేల కిలోమీటర్లు. ఎకానమీ సీట్లో కూర్చున్న మనిషి వాటాకి టన్నుకీ టన్నున్నరకీ మధ్య కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. ఆ ఎత్తులో విమానం వెనక మిగిలే తెల్లచారలు చేసే వేడి వేరే. సగటు భారతీయుడి పేరిట ఏడాది మొత్తానికీ పడేదే రెండు టన్నుల చిల్లర. టన్నంటే కళ్ళకు కట్టదు కాబట్టి ఇంకో లెక్క చెప్తాను. డిర్క్ నోట్జ్, జూలియన్ స్ట్రోవ్ అనే శాస్త్రవేత్తలు 2016లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. దాని ప్రకారం మనుషులు వదిలే ప్రతి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కీ సెప్టెంబరు నెలలో ఆర్కిటిక్ సముద్రం మీదుండే మంచు మూడు చదరపు మీటర్ల మేర తగ్గుతోంది. అంటే మేం ముగ్గురం వెళ్ళొస్తే ఇంచుమించు పది చదరపు మీటర్లు. మా అపార్ట్‌మెంట్లో చిన్న బెడ్‌రూమంత. మంచులో ఆడుకోవడానికి ఒక గదంత మంచును కరిగించి వస్తామన్నమాట.

ఈ మాట అనగానే ఎదుటివాళ్ళు చెప్పే జవాబు మనందరికీ తెలుసు. నువ్వెక్కకపోయినా ఆ విమానం ఎగురుతుంది. ఇది వినడానికి బద్ధకపు మాటలా ఉంటుందిగానీ దీని వెనక గట్టి తత్వవేత్తలే ఉన్నారు. వాల్టర్ సినాట్-ఆర్మ్‌స్ట్రాంగ్ అని అమెరికన్ ప్రొఫెసర్. 2005లో రాసిన వ్యాసంలో ఆయన ఇలా అడుగుతాడు: ఎండ కాస్తున్న ఆదివారం నాడు పెట్రోలు బాగా తాగే కారేసుకుని ఊరికే సరదాకి తిరిగితే తప్పేంటి? ఒక్కొక్క నీతి సూత్రాన్నే తెచ్చి పరీక్షించి, ఏదీ ఆ షికారును తప్పని నిరూపించలేకపోతోందని తేలుస్తాడు. నా ఒక్కడి పొగ వల్ల ఏ వరదా రాదు, ఎవరూ చావరు. నా అసలు బాధ్యత ప్రభుత్వాల చేత పని చేయించడం అంటాడు. వ్యాసం నిజాయితీగా ఉంటుంది. తనకి కావాల్సిన జవాబు కోసం ఆయన వెతికినట్టు అనిపించదు.

నాకు మాత్రం అంతకు ఇరవై ఏళ్ళ ముందే డెరెక్ పార్ఫిట్ చెప్పిన ఉదాహరణ దగ్గర ఈ వాదం నిలబడదనిపిస్తుంది. వెయ్యిమంది ఖైదీలు, వెయ్యిమంది చిత్రహింసలు పెట్టేవాళ్ళు. మొదట్లో ఒక్కొక్కడు ఒక్కొక్క ఖైదీ దగ్గర కూర్చుని స్విచ్చి వెయ్యిసార్లు తిప్పేవాడు. ఒక్కసారి తిప్పితే పెరిగే నొప్పి ఖైదీకి తెలిసేంత కూడా కాదు. వెయ్యోసారికి మాత్రం భరించలేని బాధ. తర్వాత పద్ధతి మార్చారు. ఇప్పుడు ఒక్కొక్కడు ఒక బటన్ నొక్కితే వెయ్యిమంది ఖైదీల స్విచ్చీలూ ఒక్కొక్క మెట్టు తిరుగుతాయి. ఫలితం అదే, వెయ్యిమందీ అంతే విలవిల్లాడతారు. కానీ ఎవణ్ణి అడిగినా "నా వల్ల ఏ ఒక్కడికీ తేడా తెలిసేంత బాధ కలగలేదు" అంటాడు. అది అబద్ధం కూడా కాదు. అయినా వాళ్ళని నిర్దోషులు అనగలమా? తేడా తెలియకపోవడం వేరు, తేడా లేకపోవడం వేరు. పైగా విమానం ఎలాగూ ఎగురుతుందనేది పూర్తిగా నిజం కూడా కాదు. సీట్లు నిండుతున్నాయి కాబట్టే కంపెనీలు కొత్త సర్వీసులు వేస్తాయి. ఆ నిర్ణయాన్ని ఏ ఒక్క టికెట్టు కదిలిస్తుందో ఎవరూ చెప్పలేరు, నాదీ ఆ క్యూలోనే ఉంది.

సరే, ఇంకో జవాబుంది, మన దేశంలో బాగా చెల్లుబాటయ్యేది. కరిగించింది తెల్లవాళ్ళు, మానుకోవాల్సింది మనమా? దీంట్లో న్యాయం ఉంది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ తరఫున అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో ఒక చిన్న పుస్తకం తెచ్చారు. మన వరిచేలల్లోంచి, పశువుల కొట్టాల్లోంచి వచ్చే మీథేన్‌నీ, అమెరికా కార్ల పొగనీ ఒకే తక్కెడలో వేసి తూచడాన్ని వాళ్ళు గట్టిగా ఎదిరించారు. ఒకటి బతకడానికి, ఇంకొకటి విలాసానికి. రెండేళ్ళ తర్వాత హెన్రీ షూ అనే తత్వవేత్త కూడా ఈ తేడా మీదే వ్యాసం రాశాడు. గోదావరి డెల్టాలో నాట్లేసే రైతు నుంచి వచ్చే మీథేన్‌కీ సరదా ప్రయాణపు పొగకీ తేడా లేదని ఎవరైనా అంటే నాకూ కోపమొస్తుంది.

కానీ ఆ వాదంలో నేనెక్కడున్నాను? గచ్చిబౌలిలో ఏసీ గదిలో కూర్చుని, ఆల్ప్స్‌లో లిఫ్ట్ పాస్ ధర చూసుకుంటూ, సగటు భారతీయుడి రెండు టన్నుల చాటున నిలబడటం నాకు కుదరదు. ఆ సగటు అంత తక్కువ ఉండటానికి కారణం విమానం ముఖం చూడని కోట్లమంది. 2018 లెక్కల మీద 2020లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఆ ఏడాది విమానం ఎక్కినవాళ్ళు ప్రపంచ జనాభాలో 11 శాతం. దేశం దాటినవాళ్ళు మహా అయితే 4 శాతం. ఆ నాలుగులో నేనుంటాను. రైతు కోసం తయారుచేసిన వాదాన్ని అరువు తెచ్చుకుని నా టికెట్టుకి చుట్టడం నాకు అసహ్యంగా అనిపిస్తుంది. మన మధ్యతరగతికి ఇది బాగా అలవాటైన పని. పైకి చూసేటప్పుడు పేదదేశం, కిందికి చూసేటప్పుడు వేరే దేశం.

పర్యాటకుల వల్ల అక్కడివాళ్ళకు బతుకుదెరువు అన్న వాదాన్ని ఆల్ప్స్ విషయంలో పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. నా మూడు లక్షలు లేకపోతే పస్తుండేవాళ్ళు అక్కడ లేరు.

కొంచెం కష్టమైంది ఇంకోటుంది. గ్రెనోబుల్ స్నేహితుడు అన్నదే: "పోయేలోపు చూడరా." ఇది బెదిరింపుగా అన్నది కాదు. 2022, 2023 రెండేళ్ళలోనే స్విట్జర్లాండ్ హిమానీనదాలు తమ పరిమాణంలో 10 శాతం పోగొట్టుకున్నాయి. 2023 జనవరిలో ఆల్ప్స్‌లో తక్కువ ఎత్తు వాలులు పచ్చగా, మట్టిగా కనిపించాయి. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోనే పిరనీస్ కొండల్లోని ఒక స్కీ కేంద్రం పై నుంచి కిందికి హెలికాప్టర్లో మంచు మోయించుకుంది. బీజింగ్ ఒలింపిక్స్ ఇంచుమించు మొత్తం యంత్రాల మంచు మీదే నడిచాయి. బొలీవియాలో చకల్తాయా అని, ఒకప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న స్కీ కేంద్రం. దాని హిమానీనదం 2009 నాటికి పూర్తిగా పోయింది. షమోనీ దగ్గర 'మేర్ ద గ్లాస్' అనే హిమానీనదం చూడటానికి 1909 నుంచీ రైలుంది. మంచు కిందికి కుంగిపోతున్నకొద్దీ దాన్ని చేరడానికి మెట్ల మీద మెట్లు కలుపుతూ పోయారు, ఐదొందలు దాటాయి. దారిలో ఏ ఏడాది మంచు ఎక్కడిదాకా ఉండేదో చిన్న బోర్డులు పెట్టారు. కిందికి దిగుతూ చదువుకోవాలి.

ఈ బోర్డుల ఫోటోలు చూసినప్పుడు నాకూ వెళ్ళాలనే అనిపించింది. అందరికీ అలాగే అనిపిస్తుంది, అదే దీనిలో తిరకాసు. మంచం మీదున్న పెద్దాయన్ని చివరిచూపు చూడాలని ఊరంతా ఆ గదిలోకే తోసుకొస్తే ఆయనకి ఊపిరాడుతుందా? చూసినవాళ్ళకి కళ్ళు తెరుచుకుంటాయి, తిరిగొచ్చి మారతారు అనేవాళ్ళున్నారు. కొందరు మారతారేమో. నేను చూసినంతలో తిరిగొచ్చినవాళ్ళు ఫోటోలు పెట్టి, తర్వాత పెటగోనియా ఎప్పుడు వెళ్దామా అని చూస్తారు. నేనూ అంతే చేస్తాను.

ఇప్పుడు మోకాళ్ళు. స్కీయింగ్ గురించి మనం ఊహించుకునేది కొండ పై నుంచి గాలిలా దిగడం. ముప్పై దాటాక మొదటిసారి స్కీలు కట్టుకున్నవాడు ఆ వారంలో చేసేది వేరు. కన్వేయర్ బెల్టు లాంటి దాన్ని 'మ్యాజిక్ కార్పెట్' అంటారు. దాని మీద నిలబడి వందడుగుల వాలు పైకి పోవడం, స్కీల ముందు మొనలు దగ్గరికి తెచ్చి, వెనక భాగాలు ఎడం చేసి, బ్రేకు వేసుకుంటూ మెల్లగా కిందికి రావడం, పక్కన ఐదేళ్ళ ఫ్రెంచి పిల్లలు సర్రున పోతుంటే పడటం, లేవడం. పడ్డాక ఆ పొడుగాటి స్కీలతో లేవడమే మొదటి రెండ్రోజుల చదువని మావాడే చెప్పాడు. ఇది నేర్చుకోదగ్గదే. భయాన్ని ఒంటితో నేర్చుకోవడం పెద్దయ్యాక మనకు దొరకని అనుభవం, దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ విద్య అనేది ఒక వారంలో రాదు, ఏటా వెళ్ళాలి. అంటే అడగాల్సిన ప్రశ్న ఒక ప్రయాణం గురించి కాదు. ఒక్కసారికే పోతే నాకు దక్కేది ఫోటో. విద్య దక్కాలంటే ఏడాదికో టన్నున్నర.

అక్కడికొచ్చాక స్నేహం సంగతి విడిగా కనపడటం మొదలైంది. మావాడు ప్రతి డిసెంబరులో ఖమ్మం వస్తాడు. వాళ్ళమ్మగారు ఒక్కరే ఉంటున్నారు, మోకాళ్ళ ఆపరేషన్ అయినప్పట్నుంచీ రెండు వారాలకు తక్కువ ఉండడు. అదీ జెనీవా నుంచి హైదరాబాదే, అదే టన్నున్నర. గాలిలో కలిశాక ఏది అమ్మ కోసం వదిలింది, ఏది ఆట కోసం వదిలిందని ఎవరూ వేరు చెయ్యలేరు. అయినా వాడు ఆ ప్రయాణం మానుకోవాలని చెప్పే నీతిశాస్త్రం ఏదైనా ఉంటే, దాన్ని నేను చదవను. అమ్మను చూడటానికి వేరే దారి లేదు. నాకు నలుగురం కలవడానికి వేరే దారి ఉంది. డిసెంబరులో వాడు ఇక్కడే ఉంటాడు, మేం ముగ్గురం ఇక్కడే ఉంటాం, ఖమ్మం నాలుగ్గంటల దారి. అంటే ఫిబ్రవరి ప్రయాణంలో అదనంగా దొరికేది నిజానికి మంచొక్కటే. కలుసుకోవడాన్ని అడ్డం పెట్టుకుని మంచును సమర్థించుకుంటున్నానన్నమాట.

కాబట్టి రానని చెప్పాను. తేలిగ్గా తీసుకోలేదు. "నువ్వొచ్చినా రాకపోయినా కరిగేది కరుగుతుంది, మా మధ్య లేకపోవడం ఒక్కటే మిగులుతుంది" అన్నాడు విడాకులైనవాడు. వాడి మాటకి నా దగ్గర జవాబు లేదు. వాడికి ఈ ఏడాది నలుగురం కావాలి, అదీ రోజూ తిరిగే రోడ్ల మీద కాకుండా వేరే ఎక్కడో కావాలి. ఖమ్మం ఇంటి డాబా దానికి సరిపోతుందో లేదో తెలీదు. ఇంకో సంగతి. మూడు లక్షలు మిగిలాయన్న సంతోషం, మంచులో పడితే ఏ లిగమెంటు తెగుతుందోనన్న భయం, ఇవి నా నీతిలో ఎంత పాలున్నాయో కొలిచే సాధనం కూడా నా దగ్గర లేదు. కాంట్ ఒక దుకాణదారు గురించి చెప్తాడు. బేరం పోతుందని మోసం చెయ్యనివాడిలో నైతికమైన ఘనతేమీ లేదంటాడు. ఉండకపోవచ్చు. కొన్నవాడికి మాత్రం తూకం సరిగ్గానే ఉంటుంది కదా.

ఆల్ప్స్ వద్దనుకున్నాక గుల్మార్గ్ ఎలాగూ గుర్తొస్తుంది. అక్కడ కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీ, పర్వతారోహణ సంస్థ ఉంది, మొదటిసారి వచ్చేవాళ్ళకి రెండు వారాల కోర్సు పెడుతుంది, ఖర్చు ఆల్ప్స్‌లో పదోవంతు కూడా కాదు. 2025 జూన్ నుంచి కట్రా–శ్రీనగర్ రైలు నడుస్తోంది కాబట్టి సికింద్రాబాద్ నుంచి రైళ్ళు మారుతూ నేల మీదే వెళ్ళొచ్చు. ఇది విని మా అక్క "చూశావా, పరిష్కారం పక్కనే ఉంది" అంది. నాకు అంత సుఖంగా ఏమీ లేదు. కశ్మీర్లో మంచు ఆటవస్తువు కాదు. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు, 'చిల్లై కలాన్' అంటారు, అప్పుడు పడి గట్టిపడిన మంచే ఎండాకాలం ఊటలకీ, ఆపిల్ తోటలకీ నీళ్ళు. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు బోసిగా ఎండిపోయి కనిపించాయి. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు లేక మార్చికి వాయిదా పడ్డాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో పహల్గామ్‌లో 26 మందిని చంపారు. ఆ తర్వాత నెలల తరబడి గుర్రాలవాళ్ళకీ, స్లెడ్జి లాగేవాళ్ళకీ బేరాల్లేవు. ఆల్ప్స్ దగ్గర నేను ఒక్క వాక్యంలో కొట్టేసిన బతుకుదెరువు వాదాన్ని ఇక్కడ అంత తేలిగ్గా కొట్టెయ్యలేను. కానీ తుపాకుల కాపలాలో జారడం నేర్చుకోవడమేంటన్న ఇబ్బంది కూడా పోదు. వెళ్ళనివాడి ఇబ్బంది స్లెడ్జి లాగేవాడికి అన్నం పెట్టదు, అదీ నిజమే.

మార్చి బ్యాచికి అప్లికేషన్ పంపాను. అప్పటికి మంచుంటే కోర్సు ఉంటుంది.